యూనిఫాముల నెలలో మామయ్య

ఆ వేసవిలో తనను చూసుకోవడానికి వచ్చే ఆయమ్మను మా మామయ్య గారు రోజూ పొద్దున్నే గుమ్మంలోంచి వెనక్కి పంపించేసేవారు. కోపంతో కాదు, ఎంతో మర్యాదగా. "చిరునామా తప్పు పడిందమ్మా. మీది ఈ ఇల్లు కాదు, వెనక వీధిలో అడగండి," అనేవారు. ఆవిడ వెనక వీధిలోకి వెళ్ళి ఓ పావుగంట నిలబడి మళ్ళీ వచ్చేది. రెండోసారి వస్తే కొత్త మనిషనుకుని లోపలికి రానిచ్చేవారు. మూడు నెలలు ఆవిడ ఈ నాటకం ఓపిగ్గా ఆడింది. నాలుగో నెల మొదటి రోజున వెనక వీధిలోకి వెళ్ళినావిడ మరి తిరిగి రాలేదు. అక్కడే ఒక ఇంట్లో జీతం ఎక్కువిస్తామన్నారట. "మీ మామగారు నిజమే చెప్పారమ్మా, నాది వెనక వీధే," అని ఫోన్లో నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఏడవాల్సిన చోట నవ్వు రావడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

మామయ్య గారు ముప్పై నాలుగేళ్ళు పోస్టాఫీసు సార్టింగు హాల్లో పని చేశారు. ఉత్తరం మీద చిరునామా చూడడం, ఏ వీధిదైతే ఆ వీధి గూట్లో పడెయ్యడం, అదీ ఆయన ఉద్యోగం. ఊళ్ళో ప్రతి వీధి పేరూ ఆయనకు కంఠతా వచ్చు. మా పేర్లు మాత్రం రెండేళ్ళ కిందట ఒక్కొక్కటే జారిపోవడం మొదలుపెట్టాయి. డాక్టరు స్కానింగు తీయించి, దీన్ని డిమెన్షియా అంటారని, తగ్గేది కాదని, దగ్గరుండి చూసుకోవడమే మందని చెప్పాడు. ఆ దగ్గరుండేది ఎవరో మాత్రం చీటీ మీద రాయలేదు.

ఆయన ఎప్పుడూ హుషారుగానే ఉండేవారు. అవస్థంతా మాదే. ఒకదాని మీద ఒకటి రెండు చొక్కాలు తొడుక్కుని ఉక్కపోస్తోందని విసుక్కునేవారు. మాత్ర మింగినట్టే మింగి పూలకుండీలో పాతిపెట్టేవారు. స్నానం చేయించేసరికి మా ఆయనకు గంట పట్టేది, ఆ ఆలస్యానికి తను పని చేసే గోడౌన్లో జీతానికి కోత పడేది. తలుపు తీసి ఉంటే చాలు, మామయ్య గారు డ్యూటీకి బయల్దేరేవారు. పాత పోస్టాఫీసు ఉన్న చోట ఇప్పుడు చెప్పుల షాపుంది. రెండుసార్లు అక్కడే దొరికారు. రెండోసారి వెళ్ళేసరికి ఆయన చెప్పుల డబ్బాలన్నీ సైజుల వారీగా సర్దేసి ఉన్నారు. షాపు యజమాని టీ ఇప్పించి, "అప్పుడప్పుడు పంపిస్తూ ఉండమ్మా," అన్నాడు.

ఆయమ్మ మానేసిన రోజు సాయంత్రం మా ఆయన నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా విషయం ఎత్తాడు.

"చూడు, ఆయమ్మకిచ్చే జీతం, నీ టైలరింగు కొట్టు మీద మనకి మిగిలేది, రెండూ ఒకటే. ఆ చేత్తో తెచ్చి ఈ చేత్తో ఇస్తున్నాం. ఒక్క ఏడాది కొట్టు మూసేసి నువ్వే ఇంటిపట్టున ఉంటే ఈ తలనొప్పి వదిలిపోతుంది కదా?"

"ఏడాది తర్వాత మామయ్య గారికి నయమైపోతుందా?"

ఆయన వేళ్ళ మీద ఇంకో లెక్క మొదలుపెట్టాడు.

"మరి ఏడాదని ఎందుకంటారు? మూసెయ్యమనండి, సరిపోతుంది."

ఆయన చెడ్డవాడు కాదు. లెక్క సరిగ్గానే వేశాడు, అదే నా ఒళ్ళు మండించింది. మా వదిన, అంటే ఆయన అక్కయ్య, ఊళ్ళోనే అవతలి చివర ఉంటుంది. ఇంట్లో ట్యూషన్లు చెబుతుంది. మామయ్య గారి మందులకు నెల నెలా ఠంచనుగా డబ్బు పంపేది. సలహాలు మాత్రం ఉచితంగా పంపేది. ఆ రోజు కూడా ఫోన్ చేసి, "బయటివాళ్ళ కంటే ఇంటి మనిషి దగ్గరుంటే నాన్నకి నిమ్మళంగా ఉంటుంది, ఆలోచించు," అంది. ఇంటి మనిషి అంటే నేనే. ఆ మాటకు ఈ ఇంట్లో వేరే అర్థం లేదు.

నా కొట్టు పెద్దదేమీ కాదు. పదడుగుల గది, రెండు మిషన్లు, కత్తిరించే బల్ల, ఇస్త్రీ పెట్టె, గోడకి దారాలూ గుండీలూ పెట్టుకునే గూళ్ళు. తొమ్మిదేళ్ళ కిందట ఒక పాత మిషనుతో మొదలుపెట్టాను. నా దగ్గర గుండీలకు కాజాలు కుట్టే ఆవిడను అందరూ కాజాల పిన్ని అంటారు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, నోరు కూడా నాకంటే పెద్దదే. ఇంట్లో నేను కోడల్ని, పెళ్ళాన్ని, మరదల్ని. ఆ గది గుమ్మం దాటితే టైలరమ్మని. ఆ పిలుపంటే నాకు ప్రాణం. అది పోతే నాలో ఏం మిగులుతుందో తలుచుకోవాలంటేనే భయం వేసింది.

సరిగ్గా ఆ వారమే బడి పెద్ద టీచరమ్మ నన్ను పిలిపించింది. ప్రతి ఏడూ యూనిఫాములు కుట్టే పెద్ద షాపువాళ్ళు కిందటేడు సగం మంది పిల్లలకు మెడలు బిగదీసి కుట్టారట. "నూట పది జతలు. బడి తెరిచే రోజుకి ప్రతి పిల్లాడి ఒంటి మీదా ఉండాలి. ఇస్తే ఇక ప్రతి ఏడూ నీకే. ఇవ్వలేకపోతే మళ్ళీ అడగను," అంది. ఆ పని చేతికొస్తే ఆయమ్మకు జీతమిచ్చి, నాకూ నాలుగు డబ్బులు మిగులుతాయి. మా ఆయన లెక్కకు అంతకంటే గట్టి జవాబు నా దగ్గర లేదు.

"బడి తెరిచేదాకా గడువివ్వండి. ఆ తర్వాత మీరన్నట్టే చేద్దాం," అన్నాను మా ఆయనతో.

"అంతవరకూ నాన్నని ఎవరు చూస్తారు?"

"నేనే. నాతో కొట్టుకి తీసుకెళ్తాను."

"ఆయన అక్కడ కూర్చుంటారా?"

"డ్యూటీ అంటే కూర్చోకేం చేస్తారు?"

నిజంగానే కూర్చున్నారు. గోడకున్న గూళ్ళు చూడగానే ఆయన ముఖం విప్పారింది. పై జేబులో పెన్ను పెట్టుకుని, కుర్చీ లాక్కుని, రంగుల వారీగా గుండీలు సర్దడం మొదలుపెట్టారు. కళ్ళజోడు పెట్టుకుందని కాజాల పిన్నిని సూపర్వైజరు చేసేశారు. పిన్ని ఆ పదవిని ఒక్క క్షణం ఆలోచించకుండా స్వీకరించింది. నన్ను మాత్రం కొత్తగా చేరిన అమ్మాయి అనుకున్నారు. "అమ్మాయ్, ఈ పనిలో చెయ్యి కంటే కన్ను ముందుండాలి," అని రోజుకు పదిసార్లు పాఠం చెప్పేవారు. పదిసార్లూ నేను అలాగేనండీ అనేదాన్ని.

ఒక మధ్యాహ్నం కాలర్లు కుడుతూ ఊరికే అడిగాను. "ఇంట్లో అంతా బాగున్నారాండీ?"

ఆయన గొంతు తగ్గించారు. "ఏం చెప్పమంటావమ్మాయ్. మా ఇంట్లో ఒక గయ్యాళి చేరింది. పొద్దున లేస్తే మందులు మింగమంటుంది. చొక్కా విప్పమంటుంది. తలుపుకి గడియ పెడుతుంది."

పిన్ని కాజా కుట్టడం ఆపి చెవులు రిక్కించింది.

"ఎవరండీ ఆవిడ?"

"తెలీదు. మా అబ్బాయి ఎక్కడో చూసి చేసుకున్నట్టున్నాడు." కాసేపు ఆలోచించి, "వంట మాత్రం బాగా చేస్తుందిలే, అది కాదనకూడదు," అన్నారు.

పిన్ని నవ్వి నవ్వి వేలికి సూది గుచ్చుకుంది. నేనూ కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాను. ఇంటికెళ్ళి అదే మాట మా ఆయనకు చెబితే, "గయ్యాళి అన్నది నేను నేర్పలేదు, ఒట్టు," అన్నాడు.

అలాగని అంతా నవ్వులాటేం కాదు. గంటకోసారి మిషను ఆపి ఆయన్ని బాత్రూముకి తీసుకెళ్ళాలి. ఆపకపోతే అంతకంటే ఎక్కువసేపు ఆపాల్సి వచ్చేది, నేల కడిగి, బట్టలు మార్చి. మెయిలు వ్యాను ఇంకా రాలేదేమని ఆయన వీధిలోకి దిగినప్పుడల్లా నేనూ దిగేదాన్ని. రోజుకు ఎనిమిది జతలు కుట్టే చేతికి అయిదే తెగేవి. నడుము రాత్రికి కర్రలా బిగుసుకుపోయేది. అయినా నూట పది మంది బట్టలూ కత్తిరించడం పూర్తయింది, అందులో అరవై కుట్టేశాం. కత్తిరించిన ముక్కలు ఒక్కో పిల్లాడివి ఒక్కో కట్టగా కట్టి, దాని మీద కొలతల చీటీ గుండుసూదితో గుచ్చిపెట్టేదాన్ని. పేర్లు కలిసిపోతాయని పెద్ద టీచరమ్మ ఇంటి నంబరు, వీధి పేరు కూడా చీటీ మీద రాయించింది.

బడి తెరవడానికి వారం ఉందనగా టీచరమ్మ ఏదో అడగాలని పిలిస్తే బడికి వెళ్ళాను. గంటలో తిరిగొచ్చాను. పిన్ని గూళ్ళకు వీపు పెట్టి ఇస్త్రీ చేసుకుంటోంది. "ఇవాళ మీ మామగారు ఎంత బుద్ధిగా ఉన్నారో! పిలిచినా పలకలేదు, అంత పనిలో ఉన్నారు," అంది.

నేను సంచీ గుమ్మంలోనే పడేసి గూళ్ళ వైపు పరుగెత్తాను. పసిపిల్లలైనా పెద్దవాళ్ళయినా చప్పుడు చెయ్యడం లేదంటే ఏదో కొంప ముంచుతున్నారన్నమాటే.

ఆయన గూళ్ళ ముందు నిలబడి చేతులు దులుపుకుంటున్నారు. కత్తిరించిన యాభై కట్టల మీదున్న యాభై చీటీలూ ఊడదీసేశారు. గుండుసూదులన్నీ ఒక డబ్బాలో వేశారు. చీటీల్ని వీధుల వారీగా, వీధిలో మళ్ళీ ఇంటి నంబర్ల వారీగా పేర్చి, ఒక్కో వీధికి ఒక్కో గూడు చొప్పున పెట్టి, పురికొసతో కట్టేశారు. బల్ల మీద యాభై కట్టలు, ఒకే నీలం, ఒకే తెలుపు, ఏది ఎవరిదో చెప్పే ఆధారం లేకుండా పడి ఉన్నాయి.

"ఇవాళ్టి టపా అయిపోయిందమ్మాయ్. ఒక్కటి మిగల్లేదు," అన్నారు గర్వంగా.

నేను అరిచాను. ఆయన మీద అంత గొంతెత్తి అరవడం అదే మొదటిసారి. ఏమన్నానో రాయను, సిగ్గేస్తుంది. ఆయన ముఖం చిన్నబోయింది. చీటీల కట్ట ఒకటి విప్పి, ఒక్కో చీటీ తీసి మళ్ళీ చూసుకున్నారు. "ఒక్కటి కూడా తప్పు పడలేదమ్మా. కావాలంటే నువ్వే చూసుకో," అన్నారు.

చూశాను. ఒక్కటీ తప్పు పడలేదు. కొడుకు పేరు గుర్తులేని మనిషి యాభై ఇళ్ళ చిరునామాలు పొల్లు పోకుండా సర్దారు. నేను నేల మీద కూలబడిపోయాను. పిన్ని ఇస్త్రీ పెట్టె తీగ ఊడదీసి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ముక్కలు కొలిచి చీటీలతో సరిచూస్తే తెలుస్తుంది కదే?" అంది.

"తెలుస్తుంది. ఒకరు కొలవాలి, ఒకరు చదవాలి, ఒకరు గుచ్చాలి. మిషను మీద ఇంకొకరుండాలి. ఆయన దగ్గర మరొకరుండాలి. మనమేమో ఇద్దరం."

మా ఆయనకు ఫోన్ చేస్తే మొదట, "అందుకే చెప్పాను," అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను. అయిదు నిమిషాలకి ఆయనే చేసి, "రేపట్నుంచి రెండు రోజులు గోడౌనుకి వెళ్ళను. నేనొచ్చి చదువుతాను," అన్నాడు.

వదినకు నేను చేశాను. విషయం విని, "అయ్యో, ఎంత నష్టం వచ్చింది? ఎంత పంపమంటావు?" అంది.

"డబ్బు వద్దు వదినా. మీరు రండి. రెండు రోజులు మామయ్య గారి దగ్గర కూర్చోండి చాలు."

"కూర్చోవడమే కదా, వస్తానులే."

మర్నాడు పొద్దున ఇస్త్రీ చీరలో, చదువుకోవడానికి చేతిలో ఒక పుస్తకంతో వచ్చింది. ఆ పుస్తకం రెండు రోజుల్లో రెండో పేజీ దాటలేదు.

మేం బల్ల దగ్గర పనిలో పడ్డాం. నేను ముక్క కొలిచి, "ఛాతీ ఇరవై ఆరు, పొడవు పద్దెనిమిది," అంటే మా ఆయన చీటీలు వెతికి, "ఉంది, రెండో తరగతి, బేకరీ వీధి," అనేవాడు. పిన్ని గుండుసూది గుచ్చేది. ఒకే కొలతలున్న పిల్లలు ఎదురైతే మాకు పండగే, ఏ కట్ట ఎవరికిచ్చినా అడిగేవాడు లేడు. మా ఆయనకు టైలరు పని ఇంత నిశితంగా ఉంటుందని పెళ్ళయిన పన్నెండేళ్ళకు తెలిసింది. "అరంగుళం తేడాకే ఇంత గొడవా?" అన్నాడు. "అరంగుళమే మీ గొంతు దగ్గర బిగిస్తే తెలుస్తుంది," అంది పిన్ని.

వెనక నుంచి వదిన గొంతు వినిపిస్తూనే ఉంది.

"మెయిలు వ్యాను వస్తుంది నాన్నా. ఇప్పుడే కదా చెప్పాను... వస్తుంది నాన్నా... చొక్కా ఒకటి చాలు నాన్నా... అది నా నీళ్ళ సీసా నాన్నా, పార్సిలు కాదు..."

పదకొండు గంటలకు ఆవిడ ఫోను కనిపించలేదు. గంట వెతికాం. మోగిద్దామంటే శబ్దం తీసేసి పెట్టుకుంది. చివరికి మామయ్య గారినే అడిగితే, "దాని మీద చిరునామా లేదు కదా," అని అట్టడుగు గూడు చూపించారు. అందులో ఫోనుతో పాటు నా కత్తెర, ఒక దువ్వెన, పిన్ని పొద్దుట్నుంచీ వెతుకుతున్న రెండో కళ్ళజోడు కూడా దొరికాయి.

మధ్యాహ్నం మామయ్య గారి బట్టలు మార్చాల్సి వచ్చింది. వదిన నన్ను పిలవలేదు. తానే తీసుకెళ్ళింది, తానే కడిగింది, తానే మార్చింది. చీర కుచ్చిళ్ళు తడిసి, జుట్టు రేగి వచ్చి నా పక్కన స్టూలు మీద కూలబడింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"నువ్వు ఇదంతా రోజూ చేస్తున్నావా?"

"ఇవాళ కాస్త తేలిగ్గానే ఉన్నారు వదినా."

వదిన తలొంచుకుంది. నేను టేపు అందుకుని తర్వాతి కట్ట విప్పాను. ఆవిడ చెయ్యి చాపి నా భుజం మీద పడ్డ దారపు పోగు తీసేసింది, అంతే.

రెండో రోజు సాయంత్రానికి నలభై ఆరు కట్టలకు చీటీలు దొరికాయి. మిగతా నలుగురు పిల్లల్ని పిలిపించి నేరుగా ఒంటికి పెట్టి చూశాం. పిల్లలు వెళ్ళాక అందరం టీ తాగుతుంటే వదిన మా ఆయన వైపు తిరిగింది.

"తమ్ముడూ, బుధవారం, ఆదివారం నాన్న నా దగ్గరుంటారు. నాకు ఆ రోజుల్లో ట్యూషన్లు లేవు. శనివారం నీది. మిగతా రోజులకి సగం పూట ఒక మనిషిని పెడదాం, జీతం నేనూ నువ్వూ చెరిసగం. కొట్టు మూసెయ్యమన్నావటగా?"

"నువ్వూ అన్నావు కదక్కా."

"అన్నాను. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వూ తీసుకో."

"నేను నిన్ననే తీసుకున్నాను. దీనికి చెప్పడం మర్చిపోయాను."

"మర్చిపోవడం ఈ ఇంట్లో నీకు చెల్లదు," అంది వదిన. మామయ్య గారు కూడా మాతో పాటు నవ్వారు, ఎందుకో తెలియకపోయినా.

ఆ తర్వాత నాలుగు రోజులు రెండో మిషను మీద పిన్ని కూడా కూర్చుంది, అర్ధరాత్రి దాకా మా మిషన్లు ఆగింది లేదు. వదిన మామయ్య గారిని తన ఇంటికి తీసుకెళ్ళింది, మా ఆయన సాయంత్రాలు వచ్చి గుండీలు కుట్టడం నేర్చుకున్నాడు. ఆయన కుట్టిన మొదటి పది గుండీలు పిన్ని ఊడదీసి మళ్ళీ కుట్టింది, ఆయనకు తెలియకుండా. బడి తెరవడానికి ముందు రోజు మధ్యాహ్నానికి నూట పది జతలూ ఇస్త్రీ అయి బల్ల మీద కూర్చున్నాయి.

చీటీల మీద వీధి పేర్లు ఉండనే ఉన్నాయి కదా, ఇళ్ళకే ఇచ్చేద్దామంది పిన్ని. మా ఆయన గోడౌన్నుంచి తోపుడు బండి తెచ్చాడు. వదినతో కొట్టుకొచ్చిన మామయ్య గారూ వస్తానన్నారు. ఆ సాయంత్రం నాకొక సంగతి తెలిసింది. ఆయన సార్టింగు హాలు మనిషే కానీ పోస్ట్‌మ్యాన్ కాదు. ఇల్లు, హాలు, మళ్ళీ ఇల్లు. జీవితమంతా పేర్లు చదివిన ఆ వీధుల్లో సగం ఆయన ఎప్పుడూ చూడనే లేదు.

"బేకరీ వీధి అంటే ఇదా? ఇంత ఇరుకా!" అని మలుపులోనే నిలబడిపోయారు. "వీళ్ళకి ఎన్నెన్ని ఉత్తరాలొచ్చేవనీ! వెడల్పు వీధి అనుకున్నాను." నీళ్ళ ట్యాంకు వీధికి వచ్చేసరికి, "ఏదీ, ట్యాంకు ఏదీ?" అని పసిపిల్లాడిలా మెడ సాచి, అది కనపడ్డాక తృప్తిగా తలాడించారు. ప్రతి గుమ్మం దగ్గరా ఇంటి నంబరు చూసి, చీటీ చూసి, తన చేత్తో పొట్లం అందించారు. పిల్లలు అక్కడికక్కడే చొక్కాలు తొడుక్కుని గంతులు వేశారు. ఒక్క మెడా బిగుతు కాలేదు. మర్నాడు పెద్ద టీచరమ్మ ప్రార్థన వరుసలన్నీ ఒకసారి చూసి, వచ్చే ఏడు చలికోట్లు కూడా కుట్టగలవా అని అడిగింది.

మొదటి బుధవారం వదిన చెప్పిన వేళకే ఆటోలో వచ్చింది. మామయ్య గారు అప్పటికే కొట్టులో తన కుర్చీలో ఉన్నారు. రానన్నారు. "పని వదిలేసి ఎలా వస్తానమ్మా? ఎవరు చూసుకుంటారు?" అని గూళ్ళు పట్టుకుని నిలబడ్డారు. వదిన నావైపు చూసింది, నేను పిన్నివైపు చూశాను. పిన్ని కళ్ళజోడు సర్దుకుని లేచింది.

"మీకు ఇవాళ సెలవు ఇచ్చానండీ. వెళ్ళి రండి."

మామయ్య గారు ఆలోచించారు. సూపర్వైజరు మాట కాదనడం ఆయనకు చేతకాదు. పెన్ను జేబులో సరిచేసుకుని రెండడుగులు వేసి, గుమ్మంలో ఆగి, మిషను ముందున్న నన్ను చూపించారు.

"మరి ఈ అమ్మాయికో? నేను చూస్తూనే ఉన్నాను, ఇది వచ్చినప్పట్నుంచీ ఒక్కరోజు కూడా కూర్చోలేదు."

పిన్ని కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నేను మిషను ఆపాను. వదినే జవాబు చెప్పింది, ఆయన చెయ్యి పట్టుకుని.

"ఆ అమ్మాయికీ ఇచ్చాం నాన్నా. ఇకనుంచి ప్రతి బుధవారం."

ఆయన సరేనన్నట్టు తలూపి ఆటో ఎక్కారు. వీధి మలుపు తిరిగేదాకా చూసి లోపలికొచ్చాను. బల్ల మీద ఎవరిదో ఆకుపచ్చ గుడ్డ, తొందర లేని పని, పరిచి ఉంది. గంటకోసారి లేవనక్కర్లేదు. నేను కుర్చీ ముందుకు లాక్కుని హాయిగా కూర్చున్నాను, తనివితీరా కుట్టుకున్నాను.